అరచేతిలో మేడలు: ఏడో మేడ గుట్టు

పోయిన వారం చిక్కులమ్మని కదిలే బస్సులో, అత్తగారి పక్క సీట్లో కూర్చోబెట్టి వచ్చేశాం. అప్పటికి ఆమె పరిస్థితి ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆటలు తయారుచేసే కంపెనీలో ఆమె ఉద్యోగం. ఆడేవాళ్ళు జుట్టు పీక్కునే చిక్కులు కల్పించడం ఆమె పని. ఆ పేరు అలా వచ్చిందే. పదకొండేళ్ళు టీవీల మీద ఆడే యుద్ధాల ఆటల్లో కోటగోడలకి నాచు పట్టించీ పట్టించీ విసిగి, ఏడాది కిందట కాళ్ళావేళ్ళా పడి ఫోన్లలో ఆడే ఆటల కోసం ఒక విభాగం పెట్టించుకుంది. విభాగమంటే ఆమె, ఇంకో ఇద్దరు, కిటికీ లేని ఒక గది.

ఆ గది యజమానికి కంట్లో నలుసు. ఆయన్ని ఎదురుగా సార్ అనీ, చాటున పెద్దతెర అనీ అంటారు. గోడంత తెర మీద ఆడితేనే ఆట, జేబులో పట్టేది చిల్లర అన్నది ఆయన సిద్ధాంతం. చివరికి ఆయనే ఒక పందెం పెట్టాడు. శుక్రవారం పొద్దున పది గంటలకి, పుట్టి బుద్ధెరిగాక ఒక్క ఆట కూడా ఆడని మనిషిని తీసుకురావాలి. ఎవరూ నేర్పకుండా, ఎవరూ బతిమాలకుండా, ఆ మనిషి తనంతట తాను అరగంట ఫోనులో ఆట ఆడితే విభాగం ఉంటుంది. లేదంటే సోమవారం నుంచి చిక్కులమ్మ మళ్ళీ నాచు దగ్గరికి. వస్తానని మాటిచ్చిన పక్కింటి దర్జీ ఆవిడకి తెల్లారేసరికి ఒళ్ళు కాలిపోయే జ్వరం. ఇంట్లో మిగిలింది అత్తగారు.

అత్తగారు ముప్పై రెండేళ్ళు బస్సు డిపోలో టైంకీపరుగా చేశారు. ఏ బస్సు ఎన్నింటికి కదిలింది, ఎన్ని నిమిషాలు ఆలస్యం, ఎందుకు ఆలస్యం, ఇదీ ఆవిడ జీవితం. డ్రైవర్లు ఆవిడ కిటికీ ముందు నుంచి తల వంచుకుని వెళ్ళేవాళ్ళట. ఫోను మాట్లాడుకోవడానికి తప్ప ఇంకెందుకూ కాదని ఆవిడ అభిప్రాయం. కోడలి ఉద్యోగం గురించి ఎవరైనా అడిగితే, "ఆడుకుంటే జీతమిస్తారు, మా డిపోలో ఆడుకుంటే సస్పెండ్ చేసేవాళ్ళం" అని చెప్పేవారు.

బస్సు దిగుతూనే ఆవిడ చేతి గడియారం చూసుకున్నారు.

"నాలుగు నిమిషాలు లేటు. మా రోజుల్లో అయితే వీడు నా కిటికీ దగ్గర నిలబడి కారణం చెప్పేవాడు."

"అత్తయ్యా, మీకు నచ్చకపోతే మధ్యలో లేచి వచ్చేయండి. నాకోసం మొహమాటపడొద్దు. మొహమాటంతో ఆడితే పందెం లెక్కలోకి రాదు."

"నాకెందుకమ్మా మొహమాటం. నచ్చకపోతే నీ మొహానే చెప్తాను, ఎప్పుడైనా దాచానా?"

నిజమే, ఎప్పుడూ దాచలేదు. 

పెద్దతెర గది నాలుగో అంతస్తులో ఉంది. ఒక గోడ మొత్తం తెరే. దాని ముందు, పడుకుంటే లేవబుద్ధి కాని కుర్చీలు మూడు. అత్తగారు వాటి వంక చూసి, మూలనున్న చెక్క స్టూలు లాక్కుని, వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నారు. తాడు కట్టిన కళ్ళజోడు పెట్టుకుని తన ఫోను తీశారు. బస్సులోనే అందులోకి కోడలు ఆటని ఎక్కించింది.

పెద్దతెర అరవైకి దగ్గరపడిన మనిషి. భారీ విగ్రహం, మెత్తటి గొంతు. బల్ల మీద అలారం గడియారం పెట్టి ముల్లు తిప్పాడు.

"అమ్మా, మీరు హాయిగా ఆడండి. విసుగొస్తే ఆపేయండి. ఎవరూ ఏమీ అనుకోరు."

"నేను ఆపితే మీకు లాభం. అందుకేగా అంత మర్యాద" అన్నారు అత్తగారు, కళ్ళజోడు మీద నుంచి చూస్తూ.

ఆట పేరు 'ఎక్కుదిగుడు'. ఫోను నిలువునా ఒక మేడ, మేడ మధ్యలో ఒకే ఒక్క లిఫ్టు. బొటనవేలు పైకి జరిపితే లిఫ్టు పైకి, కిందికి జరిపితే కిందికి. తడితే తలుపు తెరుచుకుంటుంది. ఒక్కో అంతస్తులో ఒక్కో మనిషి, ఎక్కడికి పోవాలో నెత్తి మీద అంకె. ఎక్కువసేపు నిలబెడితే ముఖం ఎర్రబడుతుంది. మరీ ఆలస్యమైతే తిట్టుకుంటూ మెట్ల దారి పడతారు. ముగ్గురు మెట్లెక్కితే మేడ పోయినట్టే.

మొదటి మేడ మూడు అంతస్తులు. అత్తగారు ఫోనుని చెయ్యి చాచినంత దూరంలో, కుట్టే పురుగుని పట్టుకున్నట్టు పట్టుకున్నారు. ఒక మనిషిని ఎక్కించుకుని ఎక్కడా దించకుండా మూడుసార్లు పైకీ కిందికీ తిప్పారు. పెద్దతెర చేతులు కట్టుకుని కుర్చీలో వెనక్కి వాలాడు. చిక్కులమ్మ గోళ్ళు కొరుక్కోవడం మొదలుపెట్టింది.

రెండో మేడలో ఫోను మోగింది. అత్తగారి అక్కగారు.

"ఆ, చెప్పక్కా" అని ఆవిడ నింపాదిగా మాటల్లో పడ్డారు. అక్కగారి మోకాలు, మోకాలికి రాసిన కొత్త మందు, ఆ మందు వాసన, ఆ వాసనకి ఇంట్లోంచి పారిపోయిన పిల్లి. ఒకదాని తోక పట్టుకుని ఇంకొకటి.

పెద్దతెర ముఖం వెయ్యి దీపాలయింది. గొంతు తగ్గించి కోడలితో అన్నాడు. "చూశావా? ఇదీ నీ ఫోను సంగతి. యుద్ధం మధ్యలో మోకాలు వచ్చి కూర్చుంటుంది. మన ఆట ఆడేవాడు తలుపేసుకుంటాడు, దీపాలార్పుతాడు, ఇల్లూవాకిలీ మరిచిపోతాడు. ఆట అంటే అదమ్మా."

"ఇల్లూవాకిలీ మరిచిపోయే వీలు ఎంతమందికి ఉంటుంది సార్?" అంది చిక్కులమ్మ. అని నాలుక కరుచుకుంది. కానీ అన్నమాట అన్నదే.

నాలుగు నిమిషాలకి అత్తగారు ఫోను చెవి నుంచి తీసి చూశారు. లిఫ్టు రెండో అంతస్తులో, సగం తెరుచుకున్న తలుపుతో, వదిలిన చోటే ఉంది. ఎవరి ముఖమూ ఎర్రబడలేదు.

"ఇదేమిటి, ఆగి ఉందే?"

ఎవరూ నేర్పకూడదు కాబట్టి ఎవరూ పలకలేదు.

"నేను మాట్లాడుతుంటే నాకోసం ఆగింది" అన్నారు ఆవిడ తనలో తాను. "మా ఇంట్లో అన్నం దగ్గర కూడా ఎవరూ ఆగరు."

ఆ తర్వాత ఫోను కాస్త దగ్గరికి జరిగింది. నాలుగో మేడకి వచ్చేసరికి అత్తగారు రెండో చేత్తో సంచిలోంచి మంచినీళ్ళ సీసా తీసి, మూత తిప్పి, తాగి, మూత పెట్టేశారు. ఫోను పట్టుకున్న చెయ్యి మాత్రం ఆగలేదు. ఒక్క బొటనవేలు చాలు ఆ ఆటకి. చిక్కులమ్మ ఎనిమిది నెలలు కొట్లాడి సాధించినది ఆ ఒక్క వేలే.

"ఈ లిఫ్టు నడిపించేవాడెవడోగానీ బుద్ధి లేదు" అన్నారు అత్తగారు.

"మీరే కదమ్మా నడుపుతున్నారు" అన్నాడు పెద్దతెర.

"నాకు ముందు నడిపినవాడు. ఆరో అంతస్తులో ఆవిడ చంటిపిల్లతో నిలబడి ఉంటే, మూడో అంతస్తు కుర్రవాణ్ణి ముందు ఎక్కించడమేమిటి? రద్దీ వేళ ఎవరిని ముందు పంపాలో తెలియనివాడు సర్వీసులోకి రాకూడదు."

అలారం మోగింది. గదిలో ఇద్దరు ఉలిక్కిపడ్డారు. మూడో మనిషి తలెత్తలేదు.

"ఆ మోతేమిటి, ఎవరైనా ఆపండి. ఇక్కడ ఐదో అంతస్తు వాళ్ళు ఎర్రబడుతున్నారు."

పెద్దతెర తన అలారం తానే ఆపుకున్నాడు. పందెం ఓడిపోయాడు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, చిక్కులమ్మకీ తెలుసు. ఇద్దరూ ఆ మాట అనుకునే లోపల అత్తగారు ఆరో మేడ కూడా దాటేశారు. ఫోను కిణుక్కుమంది, ఏడో మేడ తలుపు తెరుచుకుంది. ఆఫీసులో ఆరూ దాటినవాళ్ళు నలుగురే. ఏడోది దాటినవాళ్ళు ఇంతవరకు లేరు.

అది చిక్కులమ్మ కల్పించిన చిక్కు కాదు. ఆడేవాళ్ళు తమ మేడలు తామే కట్టి పంపుకునే వీలు ఆటలో ఉంది. 'పన్నెండో అంతస్తు' అని సంతకం చేసే ఒకాయన పంపిన మేడ అది. పది రోజుల కిందట వచ్చింది, నిన్ననే ఆటలో కలిపారు. చూడ్డానికి ఏమీ లేదు. ఐదో అంతస్తులో ఒకాయన బీరువా పక్కన పెట్టుకుని నిలబడి ఉంటాడు. ఆయన పన్నెండుకి పోవాలి. మిగతావాళ్ళంతా కిందికి పోవాలి. ఆయన్ని పైకి తీసుకెళ్తే కిందివాళ్ళు ఎర్రబడతారు. కిందివాళ్ళని దింపితే ఆయన బీరువా మోసుకుంటూ మెట్లెక్కుతాడు. ఎటు పోయినా మేడ కూలుతుంది.

అత్తగారి చేతిలో మూడుసార్లు కూలింది. నాలుగోసారి లిఫ్టు పై నుంచి దిగుతుండగా ఆవిడ బొటనవేలు ఐదో అంతస్తు దగ్గర తచ్చాడింది.

పెద్దతెర ఎప్పుడు కుర్చీలోంచి లేచాడో, ఎప్పుడు వచ్చి ఆవిడ భుజం వెనక నిలబడ్డాడో ఎవరూ చూడలేదు.

"ఎక్కించుకోండి" అన్నాడు.

"ఆయన పైకి పోవాలి బాబూ. నేను కిందికి పోతున్నాను."

"కిందికే తీసుకుపోండి. లిఫ్టులో ఉన్నవాడికి కోపం రాదు. కదులుతున్నాం కదా అనుకుంటాడు. అందరూ దిగాక తిన్నగా పైకి పొండి."

అత్తగారు ఎక్కించారు. బీరువా మనిషి పైకి పోవాల్సినవాడు కిందికి దిగి, ముఖం పచ్చగానే ఉంచుకుని, మళ్ళీ పన్నెండో అంతస్తు దాకా దర్జాగా ప్రయాణం చేశాడు. ఏడో మేడ దాటింది.

"మా బస్సుల్లోనూ అంతే" అన్నారు ఆవిడ తృప్తిగా. "ఊరంతా తిప్పినా ఊరుకుంటారు, స్టాండులో ఐదు నిమిషాలు ఆపితే అద్దాలు పగలగొడతారు."

ఆ దారి చిక్కులమ్మకీ తెలియదు. పది రోజులుగా ఆమె కూడా ఆ మేడ ముందు తల బాదుకుంటోంది.

"సార్, మీకెలా తెలుసు?"

పెద్దతెర తెర వైపు తిరిగాడు. "ఏదో తోచింది."

అత్తగారు ఫోను ఒళ్ళో పెట్టుకుని కళ్ళజోడు సర్దుకున్నారు. ముప్పై రెండేళ్ళ కిటికీ ఆవిడ ముఖంలోకి తిరిగి వచ్చేసింది.

"తోచడమంటే, ఎప్పుడు తోచింది బాబూ?"

"ఇప్పుడే అమ్మా."

"నేను మూడుసార్లు పడిపోయినప్పుడు తోచలేదా?"

"అంటే... చెప్పకూడదు కదా, నియమం."

"అయితే ముందే తెలుసు. ముందే తెలుసంటే ముందే ఆడారు. ఎప్పుడు ఆడారు, ఎక్కడ ఆడారు? బాత్రూములోనా?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. లోపలి జేబులోంచి ఫోను తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. మీటలున్న పాత ఫోను. అంకెలు అరిగిపోయి సున్నాకీ ఎనిమిదికీ తేడా తెలియడం లేదు. అందులో ఆట కాదు కదా, ఫొటో కూడా పట్టదు.

"ఇదొక్కటే నా ఫోను. నేను మీ ఆట ముట్టుకోలేదు." "ముట్టుకోనవసరం లేదు. ఆ మేడ కట్టింది మేమే. నేనూ మా తమ్ముడూ. ఇరవయ్యేళ్ళ కిందట, అరచేతిలో పట్టే ఒక చిన్న పెట్టె మీద. అగ్గిపెట్టెంత తెర దానికి. ఆ బీరువా మనిషి వాడి ఊహ, ఆయన్ని కిందికి దింపడం నా ఊహ. ఆ పెట్టె అమ్మకానికి రానేలేదు. ఆ దారి తెలిసింది మా ఇద్దరికే."

ఆ తమ్ముణ్ణి చిక్కులమ్మకే కాదు, ఆఫీసులో అందరికీ తెలుసు. కింద రిసెప్షన్‌లో, తలుపు తీయగానే ఎదురుగా, నిలువెత్తు ఫొటో. సన్నటి మనిషి, చెదిరిన జుట్టు, నవ్వు. కింద ఇత్తడి పలక మీద 'జ్ఞాపకార్థం'. ఏటా ఒక రోజు పొద్దున్నే అందరూ ఆ ఫొటో ముందు రెండు నిమిషాలు మౌనంగా నిలబడతారు. ఆమె పన్నెండుసార్లు నిలబడింది. మొదటి ఏడాది కాస్త కళ్ళు తుడుచుకుంది కూడా.

"కానీ సార్, ఆయన లేరు కదా?"

ఆయన జవాబు చెప్పే లోపల ఆమె చేతిలో ఫోను వణికింది. మేడ కట్టి పంపినవాళ్ళకి, తమ మేడని మొదటిసారి ఎవరైనా దాటగానే, ఏ దారిన దాటారో కూడా చెబుతూ ఆటే కబురు పంపుతుంది. పన్నెండో అంతస్తు నుంచి తిరుగు జవాబు వచ్చింది. ఆమె చదివింది, మళ్ళీ చదివింది. అత్తగారు ఫోను లాక్కుని, బస్సు బోర్డు చదివినట్టు గట్టిగా చదివారు.

"'బీరువాని కిందికి దించి పైకి తీసుకెళ్ళారంటే అది నీ పనే. అన్నయ్యా, ఫోను నీ చేతిలోనే ఉందా?'"



"చనిపోయినవాళ్ళు కూడా ఫోనులో ఆడతారా?" అన్నారు అత్తగారు.

పెద్దతెర ఆ మెత్తటి కుర్చీలో కూలబడ్డాడు. "వాడు చనిపోలేదమ్మా. అలిగాడు."

"అలగడమేమిటి?"

"ఆట జేబులోకి రావాలని వాడు. గోడ మీదికి ఎక్కాలని నేను. మాటా మాటా పెరిగింది. 'ఏదో ఒక రోజు నీ ఆఫీసులోనే నా ఆట ఆడిస్తాను, అప్పుడు వస్తాను' అని తలుపు ధడాలున వేసి పోయాడు. పద్దెనిమిదేళ్ళయింది. ఆ వారమే కొత్తగా చేరిన మేనేజరు వచ్చి, మీ తమ్ముడుగారేరి సార్ అని అడిగాడు. నేను కోపంలో ఉన్నాను. 'లేడు' అన్నాను."

"లేడంటే?"

"ఇక్కడ లేడని. అతనేమో పాపం, కళ్ళు దించుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు వచ్చేసరికి గోడకి ఫొటో. అందరూ లేచి నిలబడి ఉన్నారు. ఒకమ్మాయి ఏడుస్తోంది. అప్పుడు ఏమని చెప్పను? రేపు చెబుదాం అనుకున్నాను. రేపు కాస్తా ఏడాదయింది. రెండో ఏడాది మౌనం పాటిస్తుంటే ఇక నోరు పెగల్లేదు."

చిక్కులమ్మకి నవ్వొచ్చింది. ఆ పెద్ద మనిషి రెండు చేతులతో ముఖం కప్పుకోవడం చూసి నవ్వు మింగేసింది. పద్దెనిమిదేళ్ళు, ఏటా రెండు నిమిషాలు, బతికున్న తమ్ముడి ఫొటో ముందు అందరికంటే ముందు వరసలో నిలబడ్డ మనిషి. ఆ నిమిషాల్లో ఆయన తల ఎప్పుడూ అందరికంటే కిందికి వంగి ఉండేది. అది దుఃఖమని అందరూ అనుకున్నారు. కొంత దుఃఖమే అయి ఉంటుంది.

"సరే, ముందు పందెం సంగతి తేల్చండి" అన్నారు అత్తగారు. "తమ్ముడి గొడవ ఇవాళ్టిది కాదు. ఈ అమ్మాయి గది సంగతి ఇవాళ్టిది. మీ అలారం మోగి గంట కావస్తోంది."

పెద్దతెర ముఖం మీద నుంచి చేతులు తీశాడు. "ఉంటుందమ్మా. విభాగం ఉంటుంది."

"కిటికీ ఉన్న గది ఇవ్వండి. ఇంట్లో దీపం వెలుతురుకి కూడా కళ్ళు చిట్లిస్తోంది పిల్ల."

"ఇస్తాను."

అత్తగారి నోట 'పిల్ల' అన్న మాట చిక్కులమ్మ తొమ్మిదేళ్ళలో మొదటిసారి విన్నది. సంతోషించడానికి వ్యవధి లేకపోయింది. అప్పటిదాకా దాచుకున్న ఇంకో సంగతి బయటపెట్టక తప్పలేదు.

"సార్, మీతో ఒకటి చెప్పాలి. మేడ బాగుందని, ఆ పన్నెండో అంతస్తు ఆయనకి నేను ఉత్తరం రాశాను. ఆయనెవరో నాకు తెలియదు కదా. ఒకసారి మా ఆఫీసుకి వస్తే టీ తాగి వెళ్ళచ్చని రాశాను."

"రాస్తే?"

"వస్తానన్నారు."

"ఎప్పుడు?"

"ఇవాళే సార్. పదకొండున్నరకి."

ముగ్గురూ గడియారం చూశారు. పదకొండూ ఇరవై ఎనిమిది.

అంత భారీ మనిషి అంత వేగంగా లేవగలడని చిక్కులమ్మ ఎన్నడూ అనుకోలేదు. ఆయన లిఫ్టు మీట నాలుగుసార్లు నొక్కాడు. లిఫ్టు కిందే ఉంది, రావడం లేదు. అత్తగారు వెనకే వచ్చి, "మెట్లు" అన్నారు, ఆజ్ఞాపించినట్టు. నాలుగు అంతస్తులూ వాళ్ళు దిగిన తీరు చూసి దారిలో ఉద్యోగులు గోడలకి అతుక్కుపోయారు. ఫొటోకి మేకులు నాలుగున్నాయా, ఆరున్నాయా అని పెద్దతెర దారి పొడవునా అడుగుతూనే ఉన్నాడు. ఎవరికీ గుర్తు లేదు. అన్నేళ్ళు దాని ముందు తల దించుకునే నిలబడ్డారు మరి.

రిసెప్షన్ తలుపు తోసేసరికి అక్కడ ఒకాయన ఉన్నాడు. సన్నటి మనిషి, జుట్టు నెరిసింది కానీ ఇంకా చెదిరే ఉంది. రిసెప్షన్‌లో అమ్మాయి ఆయన వంకా గోడ వంకా మార్చి మార్చి చూస్తూ, చేతిలో టీ కప్పు పట్టుకుని అలాగే బిగుసుకుపోయింది. ఆయన మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని, ఇత్తడి పలక దాకా వంగి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతున్నాడు.

మెట్ల దగ్గర ఆయాసం చప్పుడు వినబడినా ఆయన వెనక్కి తిరగలేదు.

"అన్నయ్యా" అన్నాడు, ఫొటోనే చూస్తూ. "పాపం, ఇతను ఎలా పోయాడు?"